వర్డ్‌ప్రెస్ బ్లాగ్‌కి ఏ ప్లగిన్లు వెయ్యాలి, ఏ వరసలో వెయ్యాలి

నెలకి ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతున్నారండి, "బ్లాగ్ మొదలెట్టాను, ఏ ప్లగిన్లు వేసుకోమంటారు" అని. ఫోన్లో ఒక్కొక్కళ్ళకి ముక్కలు ముక్కలుగా చెప్తుంటే ఏదో ఒకటి మర్చిపోతున్నా, అందుకే ఈసారి కూర్చుని మొత్తం రాసేస్తున్నా. ప్లగిన్ అంటే బ్లాగ్‌కి ఒక కొత్త పని నేర్పే చిన్న ప్రోగ్రాం. వర్డ్‌ప్రెస్ డైరెక్టరీలో 60 వేల దాకా ప్లగిన్లు ఉన్నాయి, మీకు కావాల్సినవి పది పన్నెండుకి మించవు. ఏవి వేశారనేదానికంటే ఏది ముందు వేశారు, వేశాక పనిచేస్తోందో లేదో చూశారా అన్నదే ముఖ్యం. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం అక్కడ తేడా కొట్టినవే.

మొదలెట్టే ముందు ఇవి దగ్గర పెట్టుకోండి:

- సొంత హోస్టింగ్ మీద, అంటే మీరు అద్దెకి తీసుకున్న సర్వర్ మీద ఉన్న వర్డ్‌ప్రెస్. బ్లాగర్‌లో ఈ ప్లగిన్ల పద్ధతి లేదు, వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ ఫ్రీ ప్లాన్‌లో కూడా ఇవి వేసుకోలేరు. మీది ఆ రెండిట్లో ఒకటైతే ఇక్కడ చెప్పేవి కుదరవు.
- బ్లాగ్ అడ్మిన్ పాస్‌వర్డ్‌తో పాటు హోస్టింగ్ ప్యానెల్ పాస్‌వర్డ్ కూడా. చాలామంది దగ్గర ఈ రెండోది ఉండదు, బ్లాగ్ పెట్టించిన కుర్రాడి దగ్గరే ఉండిపోతుంది. ఇవాళే అడిగి తీసుకోండి. ప్యానెల్‌లో ఫైల్ మేనేజర్ ఎక్కడుందో ఒకసారి తెరిచి చూసుకోండి, తర్వాత అవసరం పడుతుంది.
- ఒక గూగుల్ అకౌంట్, డ్రైవ్‌లో కాస్త ఖాళీ. ఫ్రీగా ఇచ్చే 15 జీబీలోనే జీమెయిల్, ఫొటోలు కూడా సర్దుకోవాలి కాబట్టి నిండిపోయిన అకౌంట్ పనికిరాదు. బ్లాగ్ కోసం కొత్తది తెరిస్తే నయం.
- ఒక నోట్‌బుక్. ఏ తారీకున ఏ ప్లగిన్ వేశారు, ఏ సెట్టింగ్ మార్చారు అని రాసుకోవడానికి.

ఇంకో మాట. ఒకేసారి ఆరు ప్లగిన్లు వేసేసి "బ్లాగ్ తెల్లగా అయిపోయిందండి" అని ఫోన్ చేస్తే ఏది పాడుచేసిందో కనిపెట్టడం చాలా కష్టం. ఒకటి వెయ్యండి, ఫోన్లో ఇన్‌కాగ్నిటో (లాగిన్ లేకుండా చూపించే ప్రైవేట్ విండో) తెరిచి హోమ్ పేజీ, ఏదో ఒక పోస్టు, ఆ పోస్టు కింద కామెంట్ బాక్స్, ఈ మూడూ చూడండి. బాగుంటేనే రెండోదానికి వెళ్ళండి.

ప్లగిన్ వేసేటప్పుడు దాని పేజీలో చివరి అప్‌డేట్ ఎప్పుడు, ఎంతమంది వాడుతున్నారు, మీ వర్డ్‌ప్రెస్ వెర్షన్‌తో టెస్ట్ చేశారా అనేవి చూడండి. గత మూడు పెద్ద వెర్షన్లతో టెస్ట్ చెయ్యలేదని పైన హెచ్చరిక కనబడితే వదిలెయ్యండి, దాని గురించి ఎవరెంత గొప్పగా చెప్పినా సరే. డబ్బులు పెట్టి కొనాల్సిన ప్లగిన్‌ని టెలిగ్రామ్ గ్రూపుల్లో ఫ్రీగా ఇస్తుంటారు, నల్డ్ అంటారు వాటిని. అసలు ముట్టుకోవద్దు. లోపల ఏం కలిపి ఇచ్చారో మనకి తెలియదు, కొన్నాళ్ళకి మీ బ్లాగ్ నొక్కితే జూదం సైట్లు తెరుచుకుంటాయి.

1. బ్యాకప్: అప్‌డ్రాఫ్ట్‌ప్లస్

అన్నిటికంటే ముందు ఇది. నాకు తెలిసిన ఒకావిడ నాలుగేళ్ళు వంటల బ్లాగ్ రాశారు, వాళ్ళ అమ్మగారి చేతి పచ్చళ్ళన్నీ అందులోనే ఉన్నాయి. హోస్టింగ్ వాళ్ళు బ్యాకప్ తీస్తారులే అనుకున్నారు, వాళ్ళు తియ్యలేదు. సర్వర్ పోయిన రోజున ఆవిడకి మిగిలింది ఫోన్లో ఉన్న కొన్ని ఫొటోలు మాత్రమే. అప్పటికి ఆ అమ్మగారు కూడా లేరు. అందుకే ఈ స్టెప్పు దగ్గర కాస్త విసిగిస్తాను, ఓపిక పట్టండి.

ప్లగిన్స్‌లో కొత్తది వేసే చోట పేరు కొట్టి ఇన్‌స్టాల్, యాక్టివేట్ చెయ్యండి. సెట్టింగ్స్ ట్యాబ్‌లో ఫైల్స్‌కి ఒకటి, డేటాబేస్‌కి ఒకటి, రెండు షెడ్యూళ్ళు కనిపిస్తాయి. మీ పోస్టులు, కామెంట్లు అన్నీ ఉండేది డేటాబేస్‌లోనే, అది చిన్నగానే ఉంటుంది కాబట్టి రోజూ పెట్టండి. ఫొటోలూ థీమూ ఉండే ఫైల్స్‌కి వారానికోసారి చాలు. ఎన్ని కాపీలు ఉంచాలి అంటే 4 అని ఇవ్వండి.

కింద గూగుల్ డ్రైవ్ బొమ్మ నొక్కి సేవ్ చేస్తే పర్మిషన్ ఇవ్వమని ఒక లింక్ వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారండి, సేవ్ చేశాం కదా అయిపోయిందనుకుంటారు. ఆ లింక్ నొక్కి, గూగుల్‌లో లాగిన్ అయ్యి, చివర కనిపించే సెటప్ పూర్తిచేసే బటన్ కూడా నొక్కితేనే కనెక్ట్ అవుతుంది. లేకపోతే బ్యాకప్‌లు మీ సర్వర్‌లోనే పడుంటాయి, సర్వర్ పోతే వాటితో పాటే పోతాయి.

తర్వాత 'బ్యాకప్ నౌ' నొక్కి మొదటిది తియ్యండి. డ్రైవ్ తెరిచి అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ ఫోల్డర్‌లో ఫైళ్ళు వచ్చాయా చూడండి. డేటాబేస్, ప్లగిన్లు, థీమ్స్, అప్‌లోడ్స్, అదర్స్ అని విడివిడిగా ఉంటాయి. మీ దగ్గర వందల ఫొటోలు ఉండి అప్‌లోడ్స్ ఫైల్ రెండు మూడు ఎంబీలే ఉందంటే ఏదో మధ్యలో ఆగిపోయిందని అర్థం, లాగ్ (ఏం జరిగిందో రాసి ఉండే చిట్టా) తెరిచి చూడండి.

బ్యాకప్ ఉండటం వేరు, అది తిరిగి ఎక్కడం వేరు. కొత్త బ్లాగ్ అయితే ఇప్పుడే పరీక్ష చేసుకోండి. 'పరీక్ష' అని ఒక పోస్టు పెట్టి, బ్యాకప్ తీసి, ఆ పోస్టుని ట్రాష్‌లోంచి కూడా పూర్తిగా తీసెయ్యండి. ఇప్పుడు ఆ బ్యాకప్ పక్కన రిస్టోర్ నొక్కి డేటాబేస్ ఒక్కటే టిక్ పెట్టి నడపండి. పోస్టు తిరిగొస్తే మీ బ్యాకప్ నిజంగా పనికొచ్చేదే. నడుస్తున్న బ్లాగ్ మీద చేస్తుంటే మాత్రం జాగ్రత్త, బ్యాకప్ తీశాక వచ్చిన కామెంట్లు రిస్టోర్‌లో పోతాయి. రాత్రి ఎవరూ లేని టైంలో, బ్యాకప్ తీసిన వెంటనే చెయ్యండి.

ఇంకో రెండు విషయాలు. వర్డ్‌ప్రెస్‌లో షెడ్యూల్ పనులు ఎవరో ఒకరు బ్లాగ్ తెరిచినప్పుడే కదులుతాయి, రోజుకి నలుగురు కూడా రాని బ్లాగ్‌లో బ్యాకప్ లేటవుతుంది, కంగారు పడకండి. రెండోది, ఈ బ్యాకప్‌లో డబ్ల్యూపీ కాన్ఫిగ్ అనే ఫైల్ మామూలుగా రాదు, ఫైల్ మేనేజర్‌లోంచి ఒకసారి డౌన్‌లోడ్ చేసి కంప్యూటర్‌లో దాచుకోండి. అందులో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉంటుంది, వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి.

2. తెలుగు టైటిల్, లింక్ గొడవ

ఇది పూర్తిగా ప్లగిన్ పని కాదు గానీ తెలుగులో రాసేవాళ్ళందరికీ తగిలేదే కాబట్టి, పోస్టులు పెరగకముందే సరిచేసుకోండి. సెట్టింగ్స్‌లో పెర్మలింక్స్‌కి (పోస్టుల లింకులు ఎలా ఉండాలో చెప్పే చోటుకి) వెళ్ళి 'పోస్ట్ నేమ్' పెట్టండి.

ఇప్పుడు అసలు సంగతి. తెలుగులో టైటిల్ పెడితే వర్డ్‌ప్రెస్ దాన్నే లింక్‌గా మారుస్తుంది. లోపల ఒక్కో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు, సున్న, ప్రతిదీ 9 క్యారెక్టర్ల శాతం గుర్తుల కోడ్‌గా మారిపోతుంది, లింక్‌కేమో 200 క్యారెక్టర్లకి మించి చోటు లేదు. అంటే సుమారు 22 గుర్తులు, అంతే. "ఆంధ్రా స్టైల్ గోంగూర పచ్చడి చేసే విధానం" అని పెట్టారనుకోండి, లింక్ "ఆంధ్రా-స్టైల్-గోంగూర-పచ్" దగ్గర తెగిపోతుంది. ఆ లింక్ కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే నాలుగు లైన్ల శాతం గుర్తులు కనబడతాయి, చూసినవాళ్ళు వైరస్ ఏమో అని నొక్కరు.

చెయ్యాల్సింది చిన్నదే. పబ్లిష్ నొక్కే ముందు కుడిపక్క పోస్ట్ సెట్టింగ్స్‌లో స్లగ్ (లింక్‌లో చివరి ముక్క) అనే చోట ఇంగ్లీష్ అక్షరాల్లో మీరే టైప్ చెయ్యండి, గోంగూర, పచ్చడి, మధ్యలో ఒక చిన్న గీత, చాలు. టైటిల్ మాత్రం హాయిగా తెలుగులోనే ఉంచండి. గూగుల్ తెలుగు టైటిల్‌ని చక్కగా చదువుతుంది, లింక్ కోసం టైటిల్‌ని ఇంగ్లీష్ చెయ్యక్కర్లేదు.

పాత పోస్టులకి స్లగ్ మారిస్తే పాత లింక్ నుంచి కొత్తదానికి వర్డ్‌ప్రెస్ తనే పంపిస్తుంది, కానీ అది పోస్టులకే, పేజీలకి కాదు. పేజీలు మారుస్తున్నా, ఇదివరకు తారీకులతో ఉన్న పెర్మలింక్ పద్ధతి మార్చినా 'రీడైరెక్షన్' అనే ప్లగిన్ వేసుకోండి. పాత లింక్ ఒక డబ్బాలో, కొత్త లింక్ ఇంకో డబ్బాలో పెట్టి సేవ్ చెయ్యడమే. ఇన్‌కాగ్నిటోలో పాత లింక్ కొట్టి చూడండి, కొత్త పేజీకి వెళ్తే అయినట్టే. 404, అంటే పేజీ దొరకలేదని వస్తే పాత లింక్ ఎక్కడో తప్పు కొట్టారు.

3. లాగిన్ కాపలా

మనది చిన్న బ్లాగ్, మనల్నెవరు హ్యాక్ చేస్తారు అనుకోకండి. పాస్‌వర్డ్‌లు ఊహించి చూసేవి మనుషులు కాదు, ప్రోగ్రాములు, వాటికి చిన్నా పెద్దా తేడా లేదు. 'లిమిట్ లాగిన్ అటెంప్ట్స్ రీలోడెడ్' వేస్తే తప్పు పాస్‌వర్డ్ కొన్నిసార్లు కొట్టగానే కాసేపు తలుపు మూసేస్తుంది. దాంతోపాటు పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడిగే 'టూ ఫ్యాక్టర్' ప్లగిన్ వేసి ఫోన్లో ఆథెంటికేటర్ యాప్‌తో కలపండి, అది ఇచ్చే బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఫోన్ పోగొట్టుకుని సొంత బ్లాగ్‌లోకే వెళ్ళలేకపోయినవాళ్ళు ఉన్నారు.

వర్డ్‌ఫెన్స్ అనే సెక్యూరిటీ ప్లగిన్ వెయ్యొచ్చా అంటే వెయ్యొచ్చు, బాగానే పనిచేస్తుంది, ఫ్రీ దాంట్లో కొత్త ఫైర్‌వాల్ రూల్స్ (దాడులని అడ్డుకునే నియమాలు) 30 రోజులు ఆలస్యంగా వస్తాయి. తక్కువ రకం హోస్టింగ్ మీద దాని స్కాన్ నడిచేటప్పుడు బ్లాగ్ నెమ్మదిస్తుంది, అందుకే కొత్తవాళ్ళకి నేను పై రెండే చెప్తా.

4. స్పామ్ కామెంట్లు

వర్డ్‌ప్రెస్‌తో పాటే స్పామ్‌ని పట్టే అకిస్మెట్ ప్లగిన్ వస్తుంది. ఉట్టినే యాక్టివేట్ చేస్తే పనిచెయ్యదు, వాళ్ళ సైట్‌లో కీ అనే కోడ్ తీసుకోవాలి. పర్సనల్ ప్లాన్ ఎంచుకుంటే మీకు తోచినంత ఇవ్వమని ఒక స్లైడర్ ఉంటుంది, దాన్ని సున్నా దాకా లాగొచ్చు. కానీ అది వ్యాపారం లేని బ్లాగులకే. మీరు యాడ్స్ పెట్టినా, పచ్చళ్ళో చీరలో అమ్ముతున్నా ఆ ప్లాన్ మీకు వర్తించదు. అప్పుడు 'యాంటీస్పామ్ బీ' వేసుకోండి, దానికి కీ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు.

యాంటీస్పామ్ బీలో ఫలానా భాషలో ఉన్న కామెంట్లే రానివ్వు అనే ఆప్షన్ ఒకటుంది, దాని జోలికి వెళ్ళకండి. మనవాళ్ళు సగంమంది తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేస్తారు కదా, చాలా బాగుందండి అని అలా రాస్తే అది ఏ భాషో ఏ యంత్రానికీ అంతుబట్టదు, మంచి కామెంట్ స్పామ్‌లో పడిపోతుంది.

ఏది వాడినా వారానికోసారి స్పామ్ ఫోల్డర్ చూడండి. అకిస్మెట్ 15 రోజుల తర్వాత వాటిని చెరిపేస్తుంది. మీ కథ చదివి ఎవరో అమెరికా నుంచి రాసిన నాలుగు మాటలు అక్కడ పడి చెరిగిపోతే మీకు తెలియను కూడా తెలియదు.

5. మెయిల్ వెళ్ళట్లేదు

"కాంటాక్ట్ ఫామ్ పెట్టాను, ఎవరూ రాయట్లేదు" అంటారు. రాశారండి, మీకు రాలేదంతే. వర్డ్‌ప్రెస్ మామూలుగా సర్వర్ నుంచి నేరుగా మెయిల్ పంపుతుంది, పంపినవాళ్ళెవరో నమ్మకం కుదరక జీమెయిల్ లాంటివి దాన్ని స్పామ్‌లో వేస్తాయి, లేదా అసలు తీసుకోవు. ఫామ్‌కి 'కాంటాక్ట్ ఫామ్ 7' చాలు, దానికి తోడు, మెయిల్‌ని మీ మెయిల్ అకౌంట్ ద్వారా పంపించే 'డబ్ల్యూపీ మెయిల్ ఎస్ఎంటీపీ' తప్పనిసరి.

అందులో 'అదర్ ఎస్ఎంటీపీ' ఎంచుకుని హోస్ట్ దగ్గర జీమెయిల్ ఎస్ఎంటీపీ అడ్రస్, ఎన్‌క్రిప్షన్ టీఎల్ఎస్, పోర్ట్ 587 ఇవ్వండి. పాస్‌వర్డ్ దగ్గర మీ మామూలు జీమెయిల్ పాస్‌వర్డ్ పెడితే ఒప్పుకోదు, ఇక్కడే అందరూ ఇరుక్కుంటారు. గూగుల్ అకౌంట్‌లో రెండంచెల వెరిఫికేషన్ ఆన్ చేసి, యాప్ పాస్‌వర్డ్ అని 16 అక్షరాలది తీసుకుని అది పెట్టాలి. మీ సొంత జీమెయిల్ కాకుండా ఇందాక చెప్పిన బ్లాగ్ అకౌంట్ వాడండి, ఆ పాస్‌వర్డ్ బ్లాగ్‌లోనే ఉండిపోతుంది కదా. జీమెయిల్ వద్దనుకుంటే బ్రెవో అనే మెయిల్ పంపే సర్వీసులో రోజుకి 300 మెయిళ్ళు ఫ్రీ.

ప్లగిన్‌లోనే టెస్ట్ మెయిల్ పంపే చోటు ఉంది. మీకు మీరే కాకుండా ఇంకొకరి అడ్రస్‌కి పంపండి, స్పామ్‌లో పడిందా ఇన్‌బాక్స్‌లో పడిందా వాళ్ళనే అడగండి. తర్వాత ఫామ్ కూడా నింపి చూడండి.

6. గూగుల్‌కి కనబడటం

బ్లాగ్ గూగుల్‌లో బాగా కనబడేలా చూసే ఎస్ఈఓ ప్లగిన్లు యోస్ట్, ర్యాంక్ మ్యాథ్. వాటిలో ఒక్కటే. రెండూ వేస్తే ఒకే పేజీకి రెండు వివరణలు, రెండు సైట్‌మ్యాప్‌లు (గూగుల్‌కి ఇచ్చే పేజీల జాబితాలు) తయారయ్యి అంతా కలగాపులగం అవుతుంది. దానికంటే ముందు సెట్టింగ్స్‌లో రీడింగ్‌కి వెళ్ళి సెర్చ్ ఇంజన్లని రావద్దనే టిక్ తీసి ఉందో లేదో చూడండి. బ్లాగ్ కట్టేటప్పుడు పెట్టిన ఆ టిక్ అలాగే ఉండిపోయి ఆరు నెలలు గూగుల్‌లో రాలేదని ఏడ్చినవాళ్ళని చూశాను.

ప్రతి పోస్టుకీ వివరణ డబ్బాలో రెండు వాక్యాలు తెలుగులో మీరే రాయండి. ప్లగిన్ చూపించే ఎర్ర లైటు, పచ్చ లైటు చూసి మాత్రం మీ రాత మార్చుకోకండి. యోస్ట్‌లో చదవడానికి సులువుగా ఉందా అని చెప్పే లెక్కలు తెలుగు కోసం చేసినవి కావు. మన వాక్యం నిర్మాణం వేరు, సమాసాలు వేరు. పచ్చ లైటు కోసం మంచి వాక్యాన్ని ముక్కలు చేసుకున్నవాళ్ళని చూస్తే బాధేస్తుంది నిజంగా.

తర్వాత 'సైట్ కిట్' వేస్తే గూగుల్ వాళ్ళ సెర్చ్ కన్సోల్ (గూగుల్‌లో ఎలా కనబడుతున్నారో చూపేది), అనలిటిక్స్ (ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టేది) రెండూ కోడ్ ముట్టుకోకుండా కలుస్తాయి. సెర్చ్ కన్సోల్‌లో సైట్‌మ్యాప్ ఇచ్చి, రెండు మూడు రోజులాగి సక్సెస్ అని వచ్చిందా చూడండి.

7. స్పీడు: ముందు ఫొటోలు, తర్వాత క్యాష్

ఫోన్ ఫొటో ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటుంది. 2560 పిక్సెల్స్ దాటితే వర్డ్‌ప్రెస్ తనే తగ్గిస్తుంది గానీ అది చాలదు. ఫొటోల బరువు తగ్గించే 'ఈడబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఇమేజ్ ఆప్టిమైజర్' వేసి వదిలెయ్యండి. ప్లగిన్ వద్దనుకుంటే స్క్వూష్ సైట్‌లో ఫొటో తగ్గించుకుని ఎక్కించండి, నేను ఇప్పటికీ అలాగే చేస్తా.

క్యాష్ అంటే తయారైన పేజీ కాపీని దాచి, అడిగినవాళ్ళకి వెంటనే ఇవ్వడం. ఆ ప్లగిన్ ఎంచుకునే ముందు టూల్స్‌లో సైట్ హెల్త్, అందులో ఇన్ఫో, అందులో సర్వర్ తెరిచి వెబ్ సర్వర్ ఏమిటో చూడండి. లైట్‌స్పీడ్ అని ఉంటే 'లైట్‌స్పీడ్ క్యాష్' వెయ్యండి. అపాచీనో ఇంకోటో ఉంటే 'డబ్ల్యూపీ సూపర్ క్యాష్' చాలు, క్యాషింగ్ ఆన్ చేసి అక్కడే ఉన్న టెస్ట్ క్యాష్ బటన్ నొక్కితే పనిచేస్తోందో లేదో అదే చెప్తుంది. ఇక్కడా ఒక్కటే, రెండు క్యాష్‌లు వేస్తే కొట్టుకుంటాయి. సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ (పేజీ రూపాన్నీ కదలికల్నీ నడిపే కోడ్ ఫైళ్ళు) కలిపే ఆప్షన్లు ఊరికే ఆన్ చెయ్యొద్దు, మెనూలు నొక్కితే తెరుచుకోకపోవడం అక్కడినుంచే మొదలవుతుంది.

"పోస్టు మార్చానండి, పాతదే కనబడుతోంది" అన్నప్పుడల్లా మొదట క్యాష్ ఖాళీ చేసి ఇన్‌కాగ్నిటోలో చూడండి. పదిలో తొమ్మిదిసార్లు అదే.

8. తెలుగు ఫాంట్

కొత్త బ్లాక్ థీమ్‌లకైతే ప్లగిన్ అవసరం లేదు, వర్డ్‌ప్రెస్ 6.5 నుంచి ఫాంట్ లైబ్రరీ లోపలే ఉంది. అప్పియరెన్స్‌లో ఎడిటర్, స్టైల్స్, టైపోగ్రఫీ దాకా వెళ్ళి ఫాంట్స్ మేనేజ్ చేసే చోట గూగుల్ ఫాంట్స్ కలుపుకోండి. మీ థీమ్‌లో ఆ మెనూ లేకపోతే 'కస్టమ్ ఫాంట్స్' ప్లగిన్ వాడండి. పేజీలకొద్దీ చదవాల్సిన రాతకి మండలి, నోటో సెరిఫ్ తెలుగు నాకు నచ్చుతాయి, రామభద్ర లాంటి లావువి టైటిళ్ళకే. ఫాంట్‌లో ఉన్న అన్ని మందాలూ ఎక్కించకండి, 400 (మామూలు), 700 (బోల్డ్) చాలు, ప్రతి ఫైలూ పేజీ బరువు పెంచుతుంది.

వేశాక ఒక డ్రాఫ్ట్‌లో స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, ఉత్కృష్టం, రాష్ట్రం అని రాసి ఫోన్లో చూడండి. ఒత్తులు పై లైన్‌కో కింద లైన్‌కో తగులుతుంటే లైన్ హైట్ 1.7 లేదా 1.8 చెయ్యండి. ఇంగ్లీష్ కోసం పెట్టిన కొలత మన రెండంతస్తుల అక్షరాలకి సరిపోదు.

బ్లాగ్ తెరుచుకోకపోతే

భయపడకండి, పోస్టులు ఎక్కడికీ పోవు. మొదట అడ్మిన్ మెయిల్ చూడండి, ప్లగిన్ కూలిపోతే ఏది కూలిందో చెప్తూ రికవరీ మోడ్ లింక్ ఒకటి వర్డ్‌ప్రెస్ పంపుతుంది. దాంతో లోపలికి వెళ్ళి ఆ ప్లగిన్ ఆపెయ్యండి. మెయిల్ రాకపోతే హోస్టింగ్ ఫైల్ మేనేజర్ తెరిచి డబ్ల్యూపీ కంటెంట్ ఫోల్డర్‌లో ప్లగిన్స్ అనే ఫోల్డర్ పేరు చివర ఏదో ఒక అక్షరం కలపండి. ప్లగిన్లన్నీ ఒక్కసారే ఆగిపోతాయి, అడ్మిన్‌లోకి వెళ్ళగలుగుతారు. అక్కడ ప్లగిన్స్ పేజీ ఒకసారి తెరవండి, తర్వాత ఫోల్డర్ పేరు మళ్ళీ మామూలుగా మార్చి, ఒక్కొక్కటే ఆన్ చేస్తూ రండి. ఏది ఆన్ చెయ్యగానే పడిపోయిందో అదే దోషి. మీరే మాటిమాటికీ పాస్‌వర్డ్ తప్పు కొట్టి లాగిన్ కాపలా ప్లగిన్‌కి చిక్కితే దాని ఒక్క ఫోల్డర్ పేరు మార్చినా చాలు.

బ్లాగ్ తెరుచుకుంటోంది గానీ ఏదో తేడాగా ఉందనుకోండి, 'హెల్త్ చెక్ అండ్ ట్రబుల్‌షూటింగ్' వేసి ట్రబుల్‌షూటింగ్ మోడ్ ఆన్ చెయ్యండి. మీకు మాత్రమే ప్లగిన్లన్నీ ఆగినట్టు కనబడతాయి, చదివేవాళ్ళకి బ్లాగ్ మామూలుగానే ఉంటుంది.

అప్‌డేట్ల సంగతికొస్తే చిన్న ప్లగిన్లకి ఆటో అప్‌డేట్ పెట్టెయ్యండి, క్యాష్ ప్లగిన్, ఎస్ఈఓ ప్లగిన్ రెండిటినీ మాత్రం బ్యాకప్ తీసి చేత్తో చెయ్యండి. వాడని ప్లగిన్లు డీయాక్టివేట్ చేసి ఉంచడం కాదు, డిలీట్ చెయ్యండి, ఆపేసినా వాటి ఫైళ్ళు సర్వర్ మీదే ఉంటాయి, వాటిలో కన్నాలుంటే అక్కడినుంచి దూరేవాళ్ళు దూరతారు. నెలకోసారి, ఒకటో తారీకు అనుకోండి, డ్రైవ్ తెరిచి చివరి బ్యాకప్ ఏ తారీకుదో చూసి నోట్‌బుక్‌లో రాసుకోండి. రెండు వారాల కిందటిది కనబడితే గూగుల్ పర్మిషన్ తెగిపోయి ఉంటుంది, మళ్ళీ ఆ లింక్ నొక్కి కలపండి.